ఇంకా నాలుగు కిలోమీటర్లు

కళ్లు తెరవగానే మునిశేఖర్ అడిగిన మొదటి మాట, "పాప యాడ?"

మంచం పక్కన కూర్చున్న బావమరిది దయానంద్‌కు లేచి బయటికి పోవాలనిపించింది. పాప కింద ఉంది. మార్చురీలో. ముఖం మీది గుడ్డ తొలగిస్తే చూసి, అవును మా అక్క కూతురు కోమలే అని చెప్పి, అరగంట కిందటే పైకి వచ్చాడు.

తెల్లవారకముందే తండ్రీ కూతుళ్లు స్కూటరు మీద రేణిగుంట నుంచి తిరుపతికి బయల్దేరారు. ఆరు గంటలకు కోమలికి పరుగుపందెం. ఇరవై ఒక్క కిలోమీటర్లు. ముందొచ్చినవాళ్లను రాష్ట్ర జట్టుకు తీసుకుంటారు. కరకంబాడి రోడ్డులో వెనకనుంచి లారీ గుద్దింది.

"తొడ ఎముక రెండు ముక్కలైంది. రక్తం బాగా పోయింది. బీపీ ఇప్పుడిప్పుడే నిలబడుతోంది," అన్నాడు డాక్టరు ఇందాక వరండాలో. "కూతురి మాట తెలిస్తే మళ్లీ పడిపోతుంది. అప్పుడు నేనేమీ చెయ్యలేను. ఆపరేషన్ థియేటర్లోకి పోయేదాకా చెప్పకండి."

అక్క పోయి ఆరేళ్లు. బావకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

"అడగతా ఉంటే పలకవేందప్పా?"

"పాపకేం కాలేదు బావా. మోచెయ్యి గీరుకుంది, అంతే."

మరి ఇక్కడ ఎందుకు లేదు? దానికీ ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పేశాడు.

"రేసుకు పొయ్యింది."

"నన్నిట్లా పడేసా?"

"నువ్వే చెప్పినావంట కదా. స్పృహ పొయ్యే ముందర... పో పాపా, రేసు వదలద్దు అని."

మునిశేఖర్ పైకప్పుకేసి చూశాడు. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో పిల్లల్ని పరిగెత్తిస్తున్న మాస్టారు ఆయన.

"చెప్పుంటాలే," అన్నాడు చివరికి. "నేను అట్లాంటోణ్ణే."

నమ్మాడు. దయానంద్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎంత దూరం పొయ్యిందో ఫోన్లో కనిపిస్తాదంట. సూడు."

దయానంద్ ఫోను తీశాడు. తెరమీద తాను పనిచేసే గోడౌను వాళ్ల గ్రూపు. ఎవరో లోడెత్తిన లారీ ఫోటో పెట్టారు. చప్పున వేలితో పక్కకు తోసేశాడు.

"పదహారు కిలోమీటర్లు."

మునిశేఖర్ గోడ గడియారం చూశాడు. ఏడు.

"గంటకు పదహారా! పాప పరిగెత్తతా ఉండాదా, కొండ బస్సెక్కిందా? సరిగ్గా సూడప్పా. పది అయ్యుంటాది."

"ఆ... పదే బావా. కళ్లజోడు తేలేదు."

"గోడౌన్లో మూటలు కూడా ఇట్లనే లెక్కేస్తావా? ఇను, చెప్తా. గంటకు పదంటే కిలోమీటరుకు ఆరు నిమిషాలు. ఇరవై ఒకటికి రెండు గంటలా ఆరు నిమిషాలు. ఉత్త గుణకారమైతే అంతే. మనిషి యంత్రం కాదు గదా. అలిపిరి కాడ ఎత్తు ఉండాది, ఆమీట ఎండ. ఇంకో నాలుగు నిమిషాలు కలుపు. ఎనిమిదీ పదికి ముగిస్తాది."

కాస్త ఆగి అన్నాడు, "కిలోమీటరు కిలోమీటరుకూ ఒకే టైము చెప్పేవాణ్ణి నేను నమ్మనప్పా. అది దొంగలెక్క."

దయానంద్‌కు ఇకమీద చూసి లెక్క చెప్పాలని అర్థమైంది. అయినా ఎనిమిదీ పది అంటే మేలే. థియేటరుకు తీసుకుపోయేది ఎనిమిదికి. పరుగు ముగిసిందంటే ఫోను కలపమంటాడు బావ. పరుగులో ఉన్నంతసేపే పాప బతికి ఉంటుంది. ఇంకొక్క గంట పరిగెత్తితే చాలు.

ఏడూ ఇరవైకి పదమూడన్నాడు. మునిశేఖర్ తలూపాడు.

అంతలో నర్సు నవీన వచ్చింది. నీళ్లివ్వకూడదు గనుక తడి దూదితో ఆయన పెదవులు తుడిచింది.

"థియేటర్లో ఇంకో కేసు నడస్తా ఉండాది సార్. ఎనిమిదిన్నర అవతాది."

కింద ఉన్నదెవరో, ఇక్కడ నడుస్తున్న అబద్ధం ఏమిటో ఆమెకూ తెలుసు. దుప్పటి సర్ది, కాళ్లు కప్పి, పోబోతూ ఆగింది.

"మీ పాప రేసు ఎట్లుండాది సార్?"

"బాగుండాదమ్మా," అన్నాడు మునిశేఖర్.

దయానంద్ లెక్క కూలిపోయింది. ఈ వేగంతో పోతే ఎనిమిదీ పదికి కోమలి వచ్చేస్తుంది. రాకూడదు. కాళ్లు తడబడాలి. దారి పొడుగవ్వాలి. జీవితంలో మొదటిసారి మేనకోడలు ఓడిపోవాలని కోరుకున్నాడు.

ఎనిమిది కొట్టాక ఫోనులోకి తల దూర్చి మెల్లగా అన్నాడు. "పదిహేడు బావా. ఇంకా నాలుగు కిలోమీటర్లు."

"నలభై నిమిషాలకు నాలుగేనా?"

దయానంద్ ఫోను తెరను పైకీ కిందికీ తోస్తూ ఉన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

మునిశేఖర్ అతని వంక చూసి కళ్లు మూసుకున్నాడు. "జూపార్కు రోడ్డులో పిక్క పట్టేసుంటాది. పాపకు మామూలే. నడస్తా ఉంటాదిలే. నడకంటే కిలోమీటరుకు పది, పన్నెండు నిమిషాలు. నాలుగింటికి ముప్పావు గంట. ఎనిమిదీ ముప్పావు దాకా నువ్వు కంగారు పడబాక."

దేవుడే ఆయన నోట పలికించాడనుకున్నాడు దయానంద్.

ఎనిమిదిన్నరకు స్ట్రెచర్ వచ్చింది. వరండా పొడవునా దయానంద్ పక్కనే నడిచాడు, ఫోను చేతిలోనే పట్టుకుని. థియేటరు తలుపు దగ్గర మునిశేఖర్ చెయ్యి చాపాడు. దయానంద్ వంగాడు.

"ఇంకొక్క కిలోమీటరే బావా. వచ్చేస్తాది."

మునిశేఖర్ అతని చెంప నిమిరాడు.

"చాల్లే దయా, పాపను ఇంక పరిగెత్తించద్దు," అన్నాడు. "రోడ్డు మీద పాక్కుంటా పొయ్యి దాని కండ్లు మూసింది నేనే."