గురి తప్పినవాడి చొక్కా

పాత పికప్ బండి ఒకటి మంచులో జారి, హార్లన్ వాళ్ళ వేట క్యాంపు ముందున్న గుంటలో దిగబడింది.

హార్లన్, అతని చెల్లెలి మొగుడు డెనీ గొలుసు కట్టి పైకి లాగారు. బండి వచ్చింది గాని ఇరుసు విరిగింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఎల్లుండి వస్తానన్నాడు.

బండి దిగినాయనకి డెబ్బై దాటి ఉంటాయి. పేరు చెప్పాడు గాని ఆ హడావిడిలో ఎవరూ వినిపించుకోలేదు.

"రేపే తుపాకుల సీజను మొదలు. మాతోనే ఉండి వేటాడుకోండి పెద్దాయనా," అన్నాడు హార్లన్. పెన్సిల్వేనియా కొండల్లో మంచులో చిక్కినవాణ్ణి పొమ్మనే అలవాటు లేదు.

ముసలాయన సీటు వెనకనుంచి తన తుపాకి తీశాడు. మూతిలోంచి మందు కూరి, సీసపు గుండు దిగ్గొట్టి, చెకుముకి రాయితో పేల్చే రకం.

హార్లన్‌కి నవ్వాగలేదు. "అది పేలేలోగా దుప్పి పెళ్ళాడి పిల్లల్ని కూడా కంటుంది. నా దగ్గర ఇంకో రైఫిల్ ఉంది, తీసుకోండి. మూడొందల గజాల్లో ఉన్నదాన్ని కొడుతుంది. తప్పితే ఇంకో నాలుగు తూటాలుంటాయి."

"తూటాలు ఎక్కువైతే ఓపిక తక్కువవుతుంది," అన్నాడు డెనీ. అతనిది విల్లు. "పాతిక గజాల్లోకి రానివ్వాలి. దాని ఊపిరి వినపడాలి. వేటంటే అదీ."

"ఊపిరి విన్నావు సరే, మాంసం ఎప్పుడు తిన్నావు బావా? అక్టోబరంతా చెట్టెక్కి కూర్చుని, గాలి తిరిగింది అంటూ దిగొచ్చావు. ఆడలేక మద్దెల ఓడని."

డెనీ ముసలాయన వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మూడింటిలో ఏది మేలు?"

"మూడూ మంచివే. నాకున్నది ఒక్క గుండు గనక తొందరపడను, అంతే."

క్యాంపులో గోడ నిండా చొక్కా పీలికలు వేలాడుతున్నాయి. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి, పేరు రాసి మేకు కొట్టడం వేట క్యాంపుల్లో ఆచారం. డెనీవే ఆరున్నాయి.

"ముప్ఫై నాలుగేళ్ళుగా వస్తున్నాను. నా పీలిక ఒక్కటి చూపించండి చూద్దాం," అన్నాడు హార్లన్.

నిజంగానే లేదు. అయితే నిరుటినుంచి కుడి కన్నుకి మసక కమ్మింది. ఆ సంగతి పెళ్ళానికి మాత్రమే చెప్పాడు. ఈసారి గురి తప్పితే తుపాకి అమ్మేసి, ఇక కొండెక్కనని కూడా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం కాగితం కట్టి గురి సరిచూసుకున్నాడు. మూడు తూటాల్లో ఒకటి అంచుకి తగిలింది. మిగతా రెండూ ఎటు పోయాయో కొండకే తెలియాలి.

పక్కన కూర్చున్న ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు. "కుడి కన్ను మసకా తమ్ముడూ?"

"నా కన్ను నిక్షేపంలా ఉంది. మీరు మందు తడవకుండా చూసుకోండి."

మర్నాడు పొద్దున హార్లన్ మిట్ట మీద కూర్చున్నాడు. ముసలాయన అవతలి వాలులో పైన్ చెట్ల మధ్య కూర్చున్నాడు. తెల్లారిన గంటకి ఎనిమిది మొనల కొమ్ములతో దుప్పి వచ్చింది.

హార్లన్ కాల్చాడు. దుప్పి ఎగిరి దూకి మిట్ట దాటింది. ఆ వెంటనే అవతలనుంచి ఢామ్మని కూరుడు తుపాకి మోగింది.

హార్లన్ ఆయాసపడుతూ పరుగెత్తాడు. దుప్పి మంచులో పడి ఉంది. నలభై గజాల అవతల తెల్లటి పొగలో ముసలాయన నిలబడి ఉన్నాడు.

"నాది తప్పింది తమ్ముడూ. నీ దెబ్బ తినే వచ్చింది, నా ముందు కూలింది."

హార్లన్ వంగి చూశాడు. పక్కటెముకల మీద ఒకే ఒక్క రంధ్రం. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈ వేట తనదేనని చకచకా తన పేరున్న లైసెన్సు చీటీ దుప్పి చెవికి కట్టేశాడు.

క్యాంపుకి రాగానే డెనీ కత్తెర తీశాడు. ముసలాయన నవ్వుతూ కోటు విప్పి, చొక్కా అంచు తనే బయటికి లాగి అందించాడు.

"పేరేం రాయను?" అన్నాడు డెనీ.

"కూరుడు తుపాకి తాత అని రాయి, చాలు. చప్పుడు ఘనం, గురి శూన్యం," అన్నాడు హార్లన్. మేకు కూడా తనే కొట్టాడు.

మర్నాడు మెకానిక్ వచ్చి బండి బాగుచేశాడు. వెళ్ళేముందు ముసలాయన హార్లన్ భుజం తట్టాడు. "వచ్చే ఏడూ కొండకి రా. మానేయకు."

"నేనెందుకు మానేస్తాను పెద్దాయనా? కావాలంటే మీరే రైఫిల్ కొనుక్కుని రండి," అన్నాడు హార్లన్.

బండి వెళ్ళిపోయాక, దూలానికి వేలాడదీసిన దుప్పి తోలు వలవడం మొదలుపెట్టారు. అవతలి పక్క తోలు కింద డెనీ వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. కత్తి మొనతో గీరితే అరచేతిలో పడింది.

గోలీకాయంత సీసపు గుండు.

"బావా, మరి నీ తూటా ఏదీ?"

హార్లన్ తోలు మంచు మీద పరిచి, వెంట్రుకలు పాయలు తీసి అంగుళం అంగుళం వెతికాడు. మళ్ళీ మొదటినుంచీ వెతికాడు. రెండో రంధ్రం లేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

లేచి రోడ్డుమీదకి పరుగెత్తాడు. బండి ఎప్పుడో మలుపు దాటిపోయింది.

పరుగెత్తే దుప్పిని ఒక్క గుండుతో పడగొట్టి, ముక్కూమొహం తెలియనివాడి పరువు కోసం తన చొక్కా కత్తెరకి అందించిన మనిషిని, గురి లేనివాడని హార్లన్ తన చేత్తోనే గోడకి కొట్టాడు.