నూరియా గీసిన గాడిద

సరగోసా నగరంలోని ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ గది నిండా మాస్కులే. ఆగకుండా ఆడుతున్నది మాత్రం ప్రొఫెసర్ ఎవరిస్తో నోరొక్కటే.

"గొంతు వణుకుతోందేం నూరియా? పొద్దున చుర్రోలు తినలేదా?"

"మీరు మాట్లాడుతూనే ఉండండి మాస్టారూ. నాకు ధైర్యంగా ఉంటుంది."

ఈ తలను నూరియానే కొయ్యాలి, ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదని పట్టుబట్టింది ఆయనే. ఆమె ఆయన శిష్యురాలు మరి.

మెదడులోని గడ్డ మాటలు పుట్టే చోటును ఆనుకుని ఉంది. అందుకే రోగిని మెలకువగా ఉంచి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తూ, కొంచెం కొంచెంగా కోస్తున్నారు. ఒక్క పేరు తప్పినా కత్తి ఆగాల్సిందే. గడ్డ కొంత మిగిలినా సరే, మాట దక్కాలి.

ఆ బొమ్మలు నూరియా గీసినవే. ప్రొఫెసర్ దగ్గర ఫోటోలు చెల్లవు. నాడీకణాన్నైనా నక్కనైనా శిష్యులు చేత్తోనే గీయాలి, కింద సొంత మాటల్లో రాయాలి. పాపం, నూరియా గీస్తే నాడీకణం కూడా చీపురులాగే ఉండేది.

నర్సు పిలార్ ఒక బొమ్మ ఎత్తి చూపింది.

"తాళంచెవి."

భేష్! ఇంకొకటి.

"గొడుగు."

ఇక ఒక్క ముక్క తీస్తే పని అయిపోతుంది. పిలార్ గాడిద బొమ్మ ఎత్తింది.

"బంగాళాదుంప."

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. నూరియా కత్తి ఆగిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, మాట పోయింది!"

"పోయింది మాట కాదే పిచ్చిపిల్లా, నీ గాడిద చెవులు!" ప్రొఫెసర్ పకపకా నవ్వారు. "దీన్ని చూస్తే ఎవడైనా దుంపే అంటాడు. పిలార్, ఆ పెన్సిలిలా ఇవ్వు!"

కాగితం మీద చకచకా ఓ గాడిదను గీశారు. పొడవాటి చెవులు, అలిగిన మూతి. కింద గుండ్రటి అక్షరాలతో రాశారు: 'గాడిద అంటే ఇది. ఇక పని కానియ్.'

పిలార్ ఆ కాగితాన్ని నూరియాకు చూపించింది. నూరియా ప్రాణం లేచొచ్చింది. నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చేశాయి. కళ్ళు తుడిపించుకుని ఆ ఆఖరి ముక్క కూడా తీసేసింది.

"అయిపోయింది మాస్టారూ! మొత్తం వచ్చేసింది!"

గదంతా కేరింతలు. మత్తు డాక్టరైతే ఒక గంతు కూడా వేశాడు.

ప్రొఫెసర్ గదిమారు: "మీ సంబరాలు తర్వాత, ముందు నా పుర్రె మూసెయ్యవే తల్లీ, లోపలికి గాలి కొడుతోంది!"