కప్పు మీది దారి

“గడప మీద కాలు పెట్టకండి!” లోపలినుంచి భార్య టుకియా అరిచింది.

పదకొండేళ్లు యుద్ధాల్లో తిరిగి ఇల్లు చేరిన స్కాప్టియస్ కాలు గాలిలోనే ఆగిపోయింది. “నేనేనే! బతికే ఉన్నాను!”

“కనిపిస్తూనే ఉంది. కానీ పోయారని కబురొస్తే కర్మ చేయించేశాను. కర్మ జరిగినవాడు గుమ్మంలోంచి వస్తే శవం కిందే లెక్క. కప్పు ఎక్కి మండువాలోకి దిగితేనే బతికినట్టు. రోములో పుట్టి ఆ మాత్రం తెలీదూ?”

“మోకాళ్లు అరిగిపోయాయే. ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు ఊరుకో.”

“నేను ఊరుకుంటాను, ఇంటి దేవుళ్లు ఊరుకుంటారా? నిచ్చెన పక్కసందులో ఉంది.”

రోమునీ దేవుళ్లనీ కలిపి తిట్టుకుంటూ ఎక్కాడు స్కాప్టియస్. పైకి చేరాక తిట్లు ఆగిపోయాయి. పెంకుల్లో సగం కొత్తవి. వాటి సందుల్లో మెత్తిన సున్నం నిండా సన్నటి వేలిముద్రలు.

“ఈ పెంకులెవరు సర్దారే?”

“ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు ఎక్కాలి కదా,” అంది టుకియా మండువాలో నిలబడి. “ఇంట్లో బతికున్నదాన్ని నేనొక్కదాన్నే.”

స్కాప్టియస్ మళ్లీ మోకాళ్ల మాటెత్తలేదు. జారిన పెంకొకటి కనిపిస్తే సరిచేసి, అప్పుడు దిగాడు.