తోక మింగిన ఫోన్

మస్కట్ నుంచి వచ్చిన పర్శరాములు ఇంకా పెట్టెలైనా విప్పలేదు. పొద్దున్నే భూమన్న ఇంటికి వెళ్లి, ఒకప్పటి తన మైక్ సెట్‌నే కిరాయికి అడిగాడు.

భూమన్న పైకి నవ్వలేదు. లోపల నవ్వుకునే ఉంటాడు. మెట్‌పల్లి చుట్టుపక్కల పెళ్లయినా, బోనాలైనా ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే. ఇప్పుడు పర్శరాములు స్పీకర్ డబ్బాలు భూమన్న ఆటోలో ఉన్నాయి. వాటి మీదున్న పాత పేరుకు నీలం రంగు పూశారు. ఎండ పడితే పేరు ఇంకా కనబడుతూనే ఉంది.

"ఏం ఫంక్షనే పర్శరాములూ?"

"గోపాల్ సెల్‌ఫోన్ల దుకాణం ముంగట. వాని ఇజ్జత్ తీసే ఫంక్షన్."

కోపం రాదా మరి? ఎప్పటికైనా ఊరికొచ్చి మైక్ సెట్ నడుపుకోవాలనే ఆశతోనే అక్కడి ఎండలో అన్నాళ్లు మాడాడు. కిందటేడు భూమన్న ఆ డబ్బాలను బేరం అడుగుతున్నాడని భార్య నవత ఫోన్‌లో చెప్పింది. "డబ్బాలు అమ్మకు" అని ఖరాఖండిగా చెప్పాడు పర్శరాములు. వారం తిరగకుండానే డబ్బాలు భూమన్న ఇంటికి చేరాయి.

"డబ్బాలు అమ్మ... అన్నకాడ్నే ఆవాజ్ ఆగింది. అమ్ము అన్నవనుకున్న" అంది నవత. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. కన్నీళ్లూ పెట్టలేదు.

తెలుగులో వద్దనడం మాట చివర్లోనే ఉంటుంది. ఆ తోకను ఫోన్ మింగేసింది. దాంతోపాటు పర్శరాములు బతుకుదెరువునూ మింగేసింది. మస్కట్ వెళ్లేముందు నవత కోసం ఆ ఫోన్‌ను అంటగట్టింది గోపాలే. "గింత తక్కువ ధరల గింత సాఫ్ ఆవాజ్ ఇంకోటి చూపియ్యే అన్నా! పైసా వసూల్" అన్నాడు. దుకాణంలో అంతకంటే మంచివి ఉన్నా, "ఇంటికాడుండేదానికి గిది చాలు" అని పర్శరాములే దాన్ని ఖాయం చేశాడు. ఆ సంగతి మాత్రం ఇప్పుడతనికి గుర్తు లేదు.

దారిలో నవతను ఎక్కించుకుని ఆటో దుకాణం ఎదురుగా ఆగింది. పర్శరాములు డబ్బాలను దింపి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. మైక్ కూత పెట్టకుండా వాటి ముఖం రోడ్డు వైపు తిప్పాడు. వైర్లు కలుపుతుంటే అతని కళ్లు చెమర్చాయి. "హలో, హలో" అనగానే కూరగాయలు కొనేవాళ్లూ, బస్సు దిగినవాళ్లూ మూగారు.

గోపాల్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, గీ లొల్లి ఏందే? ఫోన్ ఖరాబైతే వేరేది ఇస్త. జర లోపలికి రా."

"ఫోన్ నువ్వే పెట్టుకో. నా డబ్బాలు నాకు తెచ్చిస్తవా?"

గోపాల్ నవత వైపు తిరిగాడు. "అక్కా, గా రోజు అన్న ఇంకేమేం చెప్పిండు?"

"పిల్లను దవాఖానకు తీస్కపొమ్మన్నడు. అవ్వకు కండ్లద్దాలు చేపియ్యమన్నడు."

"గవన్ని ఇనవడి, గా ఒక్క ముక్కనే ఇనవడలేదా?"

నవత కొంగు సర్దుకుంది. ఆమె తరఫున పర్శరాములే అందుకున్నాడు. "గా ముక్కలనే నా బతుకున్నది రా!"

జనం అతని వైపే మొగ్గారు. గోపాల్ మొహం మాడిపోయింది. పర్శరాములుకు కడుపు సగం చల్లబడింది. మిగతా సగం కోసం ఉపాయం ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

"నవతా, నేను బస్టాండ్ మూలకు పోయి ఫోన్ చేస్త. నీ ఫోన్ స్పీకర్ల పెట్టి మైక్ కాడ పట్టు. గదే మాట చెప్త. ఎట్ల మింగుతదో అందరు ఇంటరు."

"అందరు ఇంటరా?" అని అడిగింది నవత.

"ఇనాల్నే గదా! మెట్‌పల్లంత ఇనాలె."

నవత చేతిసంచిలోంచి చేతిరుమాలులో చుట్టిన ఫోన్ తీసింది. ఎక్కడా గీత కూడా పడలేదు. సాక్ష్యం కోసం ఎంత భద్రంగా దాచిందో అని పర్శరాములు మురిసిపోయాడు. నోరు విప్పదు కానీ, ఆమెకూ తనంత పగే ఉందన్నమాట.

బస్టాండ్ మూలన నిలబడి ఫోన్ కలిపాడు.

"డబ్బాలు అమ్మకు" అన్నాడు.

"డబ్బాలు అమ్మకు" అన్నాయి డబ్బాలు, తోకతో సహా. గొంతులోని జీర కూడా పోలేదు. జనం గొల్లుమన్నారు. గోపాల్ చప్పట్లు కొట్టాడు.

పర్శరాములుకు ఒళ్లు మండిపోయింది. "థూ, ఇయ్యాల సిగ్నల్ మంచిగున్నట్టున్నది" అని పళ్ల మధ్య గొణుక్కున్నాడు. ఆ గొణుగుడూ బజారంతా వినిపించింది. జనం మళ్లీ నవ్వారు.

ఇక లాభం లేదని ఫోన్‌లో అరిచాడు. "ఇయ్యాల సంగతి ఇడిచిపెట్టు! గా రోజు ఎట్ల ఇనవడ్డదో నువ్వే చెప్పు నవతా! మైక్‌ల చెప్పు! ఒక్క ముక్క దాయకు!"

నవత ఫోన్‌ను పక్కన పెట్టింది. మైక్‌ను రెండు చేతులతో పట్టుకుంది. పర్శరాములు ప్రాణంగా చూసుకున్న ఆ డబ్బాల్లోంచి ఆమె గొంతు బస్టాండ్ దాకా సాఫ్‌గా వచ్చింది.

"గా రోజు గూడ గిట్లనే ఇనవడ్డది, నువ్వు అమ్మకు అన్నదీ ఇనవడ్డది, గా ఎన్క ఫోన్ బంద్ చేసుడు మర్చిపోయి పక్కనున్నామెతోని 'మా ఇంటిదానికేం ఎరుక, నువ్వు ఇటు రా' అన్నదీ ఇనవడ్డది."