కారు చాలు

సమాయిల్ ఊరు దాటి ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది. మావారు నాగేంద్రప్రసాద్ కారు పక్కకు తీసి ఆపారు.

వెనక తగిలించిన క్యాంపర్ చక్రాల మీద చిన్న గది. వెయ్యి కిలోమీటర్ల అవతల సలాలాలో వానలు వెలవకముందే చూసొద్దామని ఆఫీసు స్నేహితుణ్ణి అడిగి తెచ్చారు. దాన్ని లాగడానికి ఆ స్నేహితుడు తన ట్రక్కు కూడా ఇస్తానంటే, మావారే "దూదిపింజలా ఉంది, కారు చాలు" అన్నారట.

మధ్యాహ్నం ఘుబ్రాలో నేను పాఠాలు చెప్పే స్కూలు గేటు దగ్గరికే వచ్చేశారు. "ఇంటికెళ్లక్కర్లేదు హైమా, బట్టలు నేనే సర్దేశాను" అంటే పొంగిపోయాను.

"దూదిపింజకి ఇంజన్ ఇలా కాగుతుందా? కొంత సామాను కారులోకి మారుద్దామండీ."

"వద్దొద్దు. చల్లారితే అదే లాగుతుంది."

నేను దిగి వెళ్లి క్యాంపర్ తలుపు లాగాను. గ్రైండరు, కుక్కర్లు, దేవుడి పటాలు, నా పుస్తకాల పెట్టెలు. పైన, పొద్దున్న మా కిటికీలకు వేలాడిన కర్టెన్లు.

"సలాలా ట్రాన్స్‌ఫర్ వద్దని చెప్పేశానన్నారుగా?"

"నువ్వేమో ఉద్యోగం వదలనంటివి. శనివారం నుంచి నాకక్కడ డ్యూటీ. మీ ప్రిన్సిపాల్‌కి నేను ఫోన్ చేసి చెప్తాలే."

ఆయన రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నారు. నాకప్పుడు తెలిసింది, ట్రక్కు ఎందుకు వద్దన్నారో. ట్రక్కు తెచ్చుంటే, అంత బరువేముందని తలుపు తీసి చూసి, ఇల్లు ఖాళీ చేశారని గేటు దగ్గరే కనిపెట్టేదాన్ని. కారు తెచ్చారు కాబట్టి నవ్వుతూ ఎక్కి కూర్చున్నాను.