తారు రోడ్డు వడ్డీ

వడ్డీ ఎగ్గొట్టడానికి పైడిరాజు పన్నిన పన్నాగం చాలా చక్కనిది. అందులో ముఖ్యమైన మాట నిజం కావడమే ఆయనకు కాస్త కొత్త.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో వాళ్ల వీధికి తారు వేసి నాలుగేళ్లు దాటింది. ఖర్చులో ఇంటింటికీ వాటా వేశారు. మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, కొద్ది నెలల ముందు టౌన్ ఆఫీసు జవాను పైడిరాజును కాఫీకొట్లో పట్టుకుని చేతిలో కాగితం పెట్టాడు. వాటా కట్టలేదనీ, వడ్డీ అసలును మించిపోయిందనీ, ఇక ఇల్లు వేలమేననీ దాని సారాంశం.

పైడిరాజు తిన్నగా ఆఫీసుకు వెళ్లి, గుమస్తా గోవిందన్ బల్లమీద ఆ కాగితం పడేశాడు.

"ఇన్నేళ్లలో ఒక్క నోటీసూ రాలేదు. రాని నోటీసుకి వడ్డీ ఏటి?"

"ఏడాదికొకటి మీ ఇంటికి పంపినాం గదా. అందరూ ఇదే మాట చెప్తారు," అన్నాడు గోవిందన్. "మీ వీధిలో లెచ్చుమికి మాత్రం మా ఆఫీసు ఇంగ్లీషు దొర మొదట్లోనే వడ్డీ ఎత్తేసినాడు. మొగుడు పోయిన మనిషి, ఇల్లు ఆమెది. నువ్వేమో రైల్వేలో స్టోర్‌కీపరువి."

దారి పొడుగునా పైడిరాజు బుర్ర చురుగ్గా పనిచేసింది. మొగుడు పోయిన మనిషి ఆయన ఇంట్లోనూ ఉంది. వదిన దాలమ్మ. నిజానికి ఆ ఇల్లు ఆమె భర్త తాతబాబు కట్టించిందే. యుద్ధంలో జపానువాళ్లు అతన్ని సయాం రైలు పనికి తోలుకుపోయారు. తిరిగి రాలేదు. ఇంటి కాగితాలు ఆ గొడవల్లోనే పోయాయి. అన్న పోయిన దుఃఖాన్ని దిగమింగుకుంటూ పైడిరాజు ఇద్దరు సాక్షులకు కల్లు పోయించి, అన్న ఇల్లు తనకు అమ్మేశాడని చెప్పించి, పన్ను పుస్తకంలో తన పేరు ఎక్కించుకున్నాడు. అయినా వదినను వీధిలోకి నెట్టలేదు. వెనక గది ఇచ్చి, వంటా అంట్లూ అప్పగించాడు. ఆ మంచితనం గురించి గుళ్లో నలుగురికీ తానే చెబుతుంటాడు.

ఇప్పుడు ఇల్లు వదినదేనని ఒక్క మాట అంటే వడ్డీ పోతుంది. మెర్డెకా రాగానే దొర ఎలాగూ తన దేశానికి ఓడెక్కుతాడు. ఆయన ముందు అన్న మాట కూడా ఆయనతోపాటే ఓడెక్కుతుంది. ఇంట్లో మళ్లీ మామూలే.

"వదినా, రేపు ఆ చిరిగిన తెల్లచీర కట్టుకో. దొర అడిగితే ఇల్లు నీదేనని తలూపు. ఇంకేటీ మాటాడకు."

"నాకేటి తెలుసు బాబూ. ఊపమంటే ఊపుతాను," అంది దాలమ్మ.

విచారణలో పైడిరాజు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఇల్లు వదినది. తాను అందులో అద్దెకు ఉంటున్నాడు. పన్ను తన చేతిమీదుగా కడుతుంటే పొరపాటున తన పేరు పడింది. చదువురాని ఆడమనిషికి నోటీసుల సంగతేం తెలుస్తుంది? చివర్లో కళ్లు కూడా ఒత్తుకున్నాడు. అడవుల్లో కమ్యూనిస్టుల వేట నుంచి ఈ కుర్చీలోకి మారిన దొర, గోవిందన్ ఇంగ్లీషులో చెబుతుంటే మెత్తబడిపోయాడు.

వడ్డీ రద్దు. ఇల్లు వెంటనే దాలమ్మ పేరుకు మార్చాలి. ప్రమాణం నకలు భూమి ఆఫీసుకు పంపాలి. అసలు మాత్రం కట్టాలి.

అసలు పైడిరాజు అక్కడికక్కడే తన జేబులోంచి తీసి కట్టేశాడు. ఇంత చవకగా తెల్లవాణ్ణి ఓడించినవాడు మలయా మొత్తంలో మరొకడు ఉండడనిపించింది.

"పద వదినా. పొద్దెక్కింది, వంట చెయ్యాలి గదా."

దాలమ్మ వెంట వెళ్లలేదు. గోవిందన్ బల్ల దగ్గర ఆగింది.

"గుమస్తాగారూ, నా ఇంట్లో అద్దెకున్నోణ్ణి కాళీ సేయించాలంటే అర్జీ ఎక్కడెట్టాలి?"

పైడిరాజు గబగబా వెనక్కొచ్చాడు.

"వదినా, ఇదంతా వడ్డీ కోసం ఆడిన మాట గదా. ఆ నోటీసులేవో వేళకి నా చేతికొచ్చుంటే అప్పుడే కట్టేసి ఊరుకుందును. ఇక్కడిదాకా వచ్చీవోణ్ణే కాదు."

"అది నాకూ తెలుసు బాబూ. లెచ్చుమి వడ్డీ సంగతీ తెలుసు," అంది దాలమ్మ. "అందుకే వచ్చిన నోటీసునల్లా పొయ్యిలో ఎట్టినాను."