ఇంటిపేరు మేక్‌పీస్

గుమ్మంలో మరిదిని చూసి కూడా రెజీనా పక్కకు జరగలేదు.

"ఏడేండ్లకు గుర్తొచ్చినమా?" అంది.

"అన్నతోని ఒక్క మాట మాట్లాడి పోత వదినె," అన్నాడు గిడియోన్.

లోపల సామ్యేల్ సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. రెజీనా ఒక్క అడుగు పక్కకు జరిగింది. గిడియోన్ చెప్పులు విడిచి లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బసంత్‌నగర్ బస్సులో దారి పొడుగునా కూర్చుకున్న మాటలు వదిలేసి కూతురి సంగతితో మొదలుపెట్టాడు.

"బడిల మా స్టెల్లాను పోరగాండ్లు మేక పీసు, మేక పీసు అని ఎక్కిరిస్తున్నరన్నా. రోజూ ఏడ్సుకుంట ఇంటికొస్తది. గందుకే మేక్‌పీస్ అన్న ఇంటిపేరే తీసేయిద్దామని, పాత రిజిస్టర్ నకలు కోసం పొద్దుగాల మందమర్రి చర్చికి పోయిన."

సామ్యేల్ లేసు ముడి వేస్తూనే ఉన్నాడు.

"పాస్టరయ్య నన్ను కూసోవెట్టి అర్థం చెప్పిండు. మన తాతకు బాప్తిస్మమిచ్చిన తెల్లదొర ఇంటిపేరట అది. తాత ఇష్టపడి పెట్టుకున్నడట. వాళ్ల దేశంల ఎన్కట, కొట్లాడుకున్నోళ్లను కూసోవెట్టి కలిపేటోన్ని మేక్‌పీస్ అనేటోళ్లట. పిలువంగ పిలువంగ అదే ఇంటిపేరైందట." "గది ఇన్నంక నకలు తీసుకోబుద్ధి కాలే. సీదా నీ దగ్గరికే వచ్చిన."

సామ్యేల్ చేతులు ఆగాయి.

"తప్పు నాదే అన్నా. బాపు అన్‌ఫిట్ అయినప్పుడు, ఆయన బదులు కొడుక్కిచ్చే ఆ బొగ్గుబాయి నౌకరి పెద్దోనివి నీకు రావాలె. వదినెను పట్నం దవాఖానల పెట్టుకొని నువ్వు ఆడ ఉంటే, ఈడ నీకు చెప్పకుంట బాపుతోని నా పేరు మీద సంతకం పెట్టించుకున్న. నన్ను కొట్టు, తిట్టు. మాట్లాడకుంట మాత్రం ఉండకు."

రెజీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి మంచినీళ్ల గ్లాసు తెచ్చి మరిది చేతికిచ్చింది. ఏడేళ్లలో ఆ ఇంటి నీళ్లు తాగడం అదే మొదలు. గిడియోన్ గడగడా తాగేశాడు.

సామ్యేల్ లేచి బీరువా తెరిచాడు. బట్టల కింద నుంచి మడత పెట్టిన కాగితం తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

పేరు మార్పు గెజిట్ అది. సామ్యేల్ అనే పేరు మాత్రమే మిగిలింది, పక్కన మేక్‌పీస్ లేదు. తేదీ చూశాడు గిడియోన్. తను బాయి పనిలో చేరిన నెలే.

"అయ్యో, దాని అర్థం తెల్వక తీసేయించుకున్నవా అన్నా?"

సామ్యేల్ టిఫిన్ డబ్బా అందుకుని గడప దాటాడు.

"చిన్నప్పుడే బాపు చెప్పిండు తమ్మీ. తెలిసే తీసేయించుకున్న."